ఇయాగో వేషం వచ్చిందన్నావుగా, ఇది చదువు

బాబూ,

షేక్‌స్పియర్ 'ఒథెల్లో'లో, సేనాపతి ఒథెల్లోకి భార్యమీద లేనిపోని అనుమానం పుట్టించి నాశనం చేసే ఇయాగో వేషం నీకు ఇచ్చారని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. కానీ ఫోన్లో వినిపించావే, ఆ బొంగురు గొంతూ ఆ నవ్వూ, అవి మానెయ్యాలి నువ్వు. నాటకం పొడుగునా అందరూ వాణ్ణి నిజాయితీపరుడనే అంటారు, ఒథెల్లో అయితే మాటిమాటికీ అంటాడు. నువ్వు స్టేజి ఎక్కగానే వీడు దుర్మార్గుడని జనానికి తెలిసిపోతే, ఆమాత్రం కనిపెట్టలేకపోయాడని అంత పెద్ద సేనాపతీ వెర్రివాడైపోతాడు, ఇక ఆయన మీద ఎవరికి జాలి కలుగుతుంది? అసలు రంగు స్వగతాల్లో చూపించుకో. మిగతాచోట్ల నువ్వు అందరికీ అక్కరకొచ్చే మనిషివి.

వాడికంత కక్ష ఎందుకని అడిగావు. లెఫ్టినెంటు పదవి తనకి రాకుండా కాసియోకి పోయింది, అదొకటి. తన భార్య ఎమీలియాకి ఒథెల్లోతో ఏదో ఉందన్న పుకారు ఇంకొకటి, అది నిజమో కాదో తెలీదంటూనే నిజమన్నట్టే నడుచుకుంటానంటాడు! ఇందులో ఏది అసలు కారణమని బుర్ర పాడుచేసుకోకు. కడుపుమంట ఉన్నవాడికి ఒక్క కారణం చాలదు, రోజుకొకటి వెతుక్కుంటాడు. ఏ సీన్లో ఏది చెప్తే అప్పటికి అదే నమ్మి చెప్పు.

నీ పనంతా మూడో అంకం, మూడో రంగంలో ఉంది. ఒథెల్లో భార్య డెస్డిమోనాతో మాట్లాడి కాసియో వెళ్ళిపోతుంటే, ఇది నాకు నచ్చలేదని నీలో నువ్వు అనుకున్నట్టు అంటావు. ఏంటని ఒథెల్లో అడిగితే, ఏం లేదు దొరా అంటావు. ఆ తర్వాత ఆయన ఏం అడిగినా అదే మాట తిరిగి ఆయనకే అప్పజెప్తావు, కాసియో నిజాయితీపరుడేనా అంటే "నిజాయితీపరుడా, దొరా?" అని. నా మాటలే నాకు వినిపిస్తున్నావేంటని ఆయన విసుక్కుంటాడు కూడా. గమనించావా, ఇంతవరకు నువ్వు ఎవరిమీదా ఒక్క నింద వెయ్యలేదు, అనుమానమంతా ఆయనే పోగేసుకుంటున్నాడు. అందుకని డైలాగు మధ్య ఆగినప్పుడు టెన్షన్ పెంచడానికి ఆగినట్టు ఉండకూడదు, నోటిదాకా వచ్చిన మాట ఆయన బాధపడతాడని మింగేసినట్టు ఉండాలి. అసూయ జోలికి పోకండి, అది పచ్చకళ్ళ రాక్షసి అని హెచ్చరించేదీ నువ్వే. అక్కడ వెటకారం చేశావో, మొత్తం పోయినట్టే. రంగం మొదట్లో భార్యంటే ప్రాణం పెట్టే మనిషి, చివరికొచ్చేసరికి మోకాళ్ళమీద కూర్చుని పగ తీర్చుకుంటానని ఒట్టు పెడతాడు, పక్కనే నువ్వూ మోకరిల్లుతావు. అంత దూరం ఆయన్ని నడిపించాలంటే తొందరపడితే కుదరదు.

ఇక రుమాలు సంగతి, అది ఒథెల్లో డెస్డిమోనాకిచ్చిన మొదటి కానుక. తలనొప్పిగా ఉందని ఒథెల్లో అంటే డెస్డిమోనా దాన్ని ఆయన నుదుటికి కట్టబోతుంది, చిన్నదని తోసేస్తాడు, కింద పడుతుంది, ఎమీలియా తీసుకుని నీకిస్తుంది. దొంగిలించి తెమ్మని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నదది, పైగా నీ చేతికొచ్చే మొదటి వస్తువు, అప్పటిదాకా నీ దగ్గర ఉన్నవి వట్టి మాటలే. దాన్ని జనం వైపు ఆడించకుండా చప్పున దాచేసుకో. దానిమీద స్ట్రాబెరీ పళ్ళ కుట్టు వెనక వరుసలవాళ్ళకీ కనపడేలా చేయించమను.

ఇంకో మాట. 1881లో లండన్ లైసియం థియేటర్లో ఆనాటి పేరుమోసిన నటులు ఎడ్విన్ బూత్, హెన్రీ ఇర్వింగ్ ఒథెల్లో, ఇయాగో వేషాలు మార్చుకుంటూ ఆడారు. నువ్వూ ఒథెల్లో వేసే అతనూ రిహార్సల్లో ఒక్కసారైనా అలా చెయ్యండి. ఒథెల్లోగా నిలబడి ఇయాగో మాటలు చెవిన పడితే, నువ్వెక్కడ అతి చేస్తున్నావో ఎవరూ చెప్పక్కర్లేదు.

చివరి రంగంలో ఒథెల్లో నిన్ను పొడుస్తాడు గానీ నువ్వు చావవు, గాయంతోనే నిలబడాలి. ఎందుకు చేశావంటే ఇక ఒక్క మాట కూడా మాట్లాడనంటావు, మాట్లాడవు. అక్కణ్ణుంచి సీను ఒథెల్లోది, కాబట్టి మూలుగులూ మెలికలూ వద్దు. ఆఖర్న డెస్డిమోనా బంధువు లొడొవికో, ఆమే ఒథెల్లో చనిపోయి పడున్న మంచం వైపు నిన్ను చూడమంటాడు. చూస్తావో తల తిప్పుకుంటావో డైరెక్టర్‌తో ముందే మాట్లాడుకో, షో రోజున స్టేజిమీద తేల్చుకునే విషయం కాదది.

మీ పెదనాన్న