గరాజ్ తలుపు అరడుగు లేచి ఆగిపోతోందా? ముందు స్ప్రింగ్ చూడండి

రాత్రి ఢామ్మని శబ్దం వచ్చిందని, పొద్దున్నించి గరాజ్ తలుపు అరడుగు లేచి ఆగిపోతోందని ఒకరు అడిగారు. మోటార్ పోలేదండి, టోర్షన్ స్ప్రింగ్ (తలుపు బరువు మోసే, మెలితిప్పి బిగించే స్ప్రింగ్) విరిగింది. తలుపు పైనున్న షాఫ్ట్ మీద చుట్టల మధ్య ఒకటి రెండు అంగుళాల ఖాళీ కనబడితే ఇక అనుమానమే లేదు.

1. బటన్ నొక్కడం ఆపండి. బరువంతా మోటార్ మీద పడి లోపలి గేర్ పోతుంది, అదో కొత్త ఖర్చు.

2. కొత్త స్ప్రింగ్ ఆర్డర్‌కు కావలసినవి: తీగ మందం, లోపలి వ్యాసం (ఇళ్లలో ఎక్కువగా 2 అంగుళాలు), పొడవు, చుట్టు దిశ.

అందరూ తప్పేది తీగ మందం దగ్గరే. ఒక్క చుట్టకు టేపు పెడితే తేడా తెలియదు. విరిగిన ముక్కలో చుట్టలు ఆనుకుని ఉన్నచోట 20 లెక్కపెట్టి కొలవండి. నాలుగున్నర అంగుళాలొస్తే తీగ మందం 0.225 అంగుళాలు, ఐదొస్తే 0.250. పొడవుకు రెండు ముక్కలూ కలపాలి, కోన్ (స్ప్రింగ్ చివర బిగించే లోహపు ముక్క) మీదున్న చుట్టలతో సహా. విరగని స్ప్రింగ్‌ను మాత్రం కొలవకండి. బిగించి ఉన్నప్పుడు ఒక్కో తిప్పుకు ఒక తీగ మందం చొప్పున పొడవు పెరిగి ఉంటుంది.

3. రెండు స్ప్రింగ్‌లుంటే రెండూ మార్చండి. మామూలు రకం 10,000 సార్లు ఎక్కిదిగడానికి చేసింది. రోజుకు నాలుగుసార్లయితే ఏడేళ్లలోపే అయిపోతాయి. రెండోదీ అదే వయసులో ఉంది.

4. కొత్త స్ప్రింగ్‌ను ఏడడుగుల తలుపుకు సుమారు ఏడున్నర తిప్పులు బిగించాలి. కోన్ రంధ్రానికి సరిపడే వైండింగ్ బార్లే (స్ప్రింగ్ తిప్పే ఇనుప కడ్డీలు) వాడాలి, స్క్రూడ్రైవర్ జారితే చెయ్యి విరుగుతుంది. అలవాటు లేకపోతే ఈ పనికి మనిషిని పిలవండి.

5. బిగించాక, తలుపు కిందకి ఉండగానే ఎర్రతాడు (తలుపును మోటార్ నుంచి విడదీసేది) లాగి, చేత్తో సగం ఎత్తి వదలండి. నిలవాలి. జారితే రెండు స్ప్రింగ్‌లూ పావు తిప్పు బిగించాలి, పైకి పోతే అంతే సడలించాలి.