ముందు మనుషుల్ని ఎక్కించుకో, జోను గొడవ తర్వాత

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మాస్టరుగా, అంటే ఓడ కెప్టెన్‌గా, నీ మొదటి ట్రిప్పు మధ్యధరా సముద్రంలోనేనని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మొన్న ఫోనులో నువ్వడిగిన ప్రశ్నకి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక ఊరుకున్నాను. "వలసదారుల పడవ కనపడి, రెండు దేశాల రెస్క్యూ సెంటర్లూ మాది కాదంటే మాది కాదంటే నేనేం చెయ్యాలి మామయ్యా?" అన్నావు.

అది ఎవరి జోనో, అంటే సముద్రంలో ఆ భాగంలో కాపాడే పని ఏ దేశానిదో, వాళ్లు తేల్చుకుంటారు. పడవ దగ్గరికి వెళ్లడం మాత్రం నీ పని. సోలాస్ (సముద్ర ప్రయాణ భద్రత మీద అంతర్జాతీయ ఒప్పందం) ఐదో అధ్యాయం 33వ నిబంధన నేరుగా మాస్టరుకే చెబుతుంది. ఆపద గురించి ఎవరి ద్వారా తెలిసినా వీలైనంత వేగంగా వెళ్లి ఆదుకోవాలి. వాళ్లది ఏ దేశం, కాగితాలు ఉన్నాయా లేవా అని చూడకూడదు. వెళ్లలేకపోతే కారణం లాగ్‌బుక్‌లో రాయాలి. "మా జోను కాదన్నారు" అని రాస్తే అది కారణం అవుతుందా?

2013 అక్టోబరు 11న సిరియా కుటుంబాలున్న పడవలోకి నీళ్లొస్తుంటే, అందులోని ఒక డాక్టరు శాటిలైట్ ఫోనులో రోములోని రెస్క్యూ సెంటర్‌కి మొరపెట్టుకున్నాడు. అది మాల్టా జోను, మాల్టాకి చెయ్యండన్నారు. నిజానికి పడవకి మాల్టా కంటే ఇటలీ ద్వీపం లాంపెడూసానే దగ్గర. ఇటలీ నౌకాదళం ఓడ లిబ్రా కూడా దగ్గర్లోనే ఉంది. ఫోన్లు అటూ ఇటూ తిరుగుతుండగానే పడవ తిరగబడింది. 260 మందికి పైగా పోయారు, వాళ్లలో ఎంతోమంది పసిపిల్లలు.

నేను చీఫ్ ఆఫీసరుగా ఉన్నప్పుడు మేమూ ఒక రాత్రి అలాగే ఆగాం. ఒక సెంటర్ "వేరే ఓడ వస్తోంది, ఉండండి" అంది. గంటా పావు ఇంజిన్ స్లోలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాం. ఏ ఓడా రాలేదు. చివరికి సెర్చ్‌లైట్ వేస్తే రబ్బరు పడవ ఒక వైపు గాలి పోయి వాలిపోయి ఉంది. ఆ గంటా పావు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. నువ్వు అలా ఆగకు.

అలాగని తొందరపడి మీదికి వెళ్లిపోకు. 2015 ఏప్రిల్‌లో కింగ్ జేకబ్ అనే సరుకు ఓడ సాయానికి వెళ్లింది. కిక్కిరిసిన పడవ దానికే గుద్దుకుని తిరగబడింది. 800 మందికి పైగా చనిపోయారు, 28 మందే మిగిలారు. పెద్ద ఓడ కనపడగానే అందరూ ఒకే వైపుకి ఎగబడతారు, అదే ప్రాణం తీస్తుంది. కాస్త దూరంలో ఆగి, గాలికి ఓడని అడ్డం పెట్టు. ముందు రెస్క్యూ బోటులో లైఫ్ జాకెట్లు పంపించు. అందరినీ కూర్చోమని చెప్పించి, ఆ తర్వాతే నిచ్చెన దించు.

పైకొచ్చాక పెట్రోలు వాసన చూసుకో. నేను చెప్పిన ఆ రాత్రి మేం ఎక్కించుకున్న ఒకామె దుప్పటి కప్పినకొద్దీ ఇంకా ఏడుస్తోంది, ఎందుకో మాకు అర్థం కాలేదు. వాసన పసిగట్టింది మా కుక్. పడవ అడుగున పెట్రోలు ఉప్పునీళ్లతో కలిసి, అందులో గంటలకొద్దీ కూర్చున్నవాళ్ల తొడలు కాలిపోతాయి. సాధారణంగా మధ్యలో కూర్చునేది ఆడవాళ్లే. తడి బట్టలు తీయించి మంచినీళ్లతో బాగా కడగాలి. దుప్పటి ఆ తర్వాత.

ఇక కాగితాల పని. ఎవరు ఫోను చేసినా పేరు, టైము, అన్నమాట అన్నట్టుగా రాసుకో, ఈమెయిల్‌లో పంపమని అడుగు. వీడీఆర్‌లో (ఓడలో జరిగేదంతా రికార్డు చేసే పెట్టె) సేవ్ నొక్కడం మర్చిపోకు. ఫ్లాగ్ దేశానికి (ఓడ రిజిస్టరైన దేశం), కంపెనీకి, పీ అండ్ ఐ క్లబ్బుకి (ఓడ బీమా చూసే సంఘం) వెంటనే చెప్పు. కంపెనీ నుంచి ఒత్తిడి వస్తే, మాస్టరు నిర్ణయానికి ఓనరుగానీ, ఓడని అద్దెకి తీసుకున్న చార్టరరుగానీ అడ్డు రాకూడదని సోలాస్‌లోనే ఉందని గుర్తుచెయ్యి.

అసలు టెన్షన్ దించే దగ్గర మొదలవుతుంది. 2001లో టాంపా ఓడ 430 మందికి పైగా కాపాడితే, ఆస్ట్రేలియా రానివ్వలేదు. ఆ అనుభవంతోనే 2004లో నిబంధనలు మార్చారు. కాపాడినవాళ్లని సురక్షిత స్థలంలో దించేలా చూసే బాధ్యత ఆ జోను దేశానిదే అన్నారు. మాల్టా ఆ మార్పుల్ని ఒప్పుకోలేదు, దగ్గరి సురక్షిత రేవులోనే దించాలంటుంది. జోను ఎవరిదైతే వాళ్లే చూసుకోవాలని ఇటలీ అంటుంది. వీళ్లిద్దరి మధ్య నలిగేది ఓడ. 2020లో మేర్స్క్ ఎటియెన్ అనే ఓడ 27 మందిని పెట్టుకుని 38 రోజులు సముద్రంలోనే ఉండిపోయింది.

విసిగిపోయి మాత్రం లిబియాకి తీసుకెళ్లకు. 2018లో అసో 28 అనే ఓడ కెప్టెన్ తను కాపాడినవాళ్లని ట్రిపోలీకి తీసుకెళ్లి అప్పగిస్తే ఇటలీ కోర్టులో శిక్ష పడింది, 2024లో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది. ఎవరు అటు వెళ్లమన్నా "అది సురక్షిత స్థలమని రాసివ్వండి" అని అడుగు. రాసిచ్చినా సరే, మనస్సాక్షినీ క్లబ్బు లాయర్నీ అడగందే కదలకు.

ఓడ ఎక్కిన మొదటి రోజే కుక్‌ని, బోసన్‌ని (డెక్ పనివాళ్ల పెద్ద) కూర్చోబెట్టి మాట్లాడు. వంద మంది అదనంగా వస్తే నీళ్లు, బియ్యం ఎన్ని రోజులు వస్తాయో, దుప్పట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించి నాకు మెసేజ్ పెట్టు. చూస్తూ ఉంటాను.

మీ మామయ్య