చారిత్రక నవలలో పిల్లిని తోడుగా పెట్టబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నీవు పంపిన ప్రకరణాలు చదివాను. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న 1847–1852 నాటి కోనసీమను ఎంచుకోవడం, భర్తను పోగొట్టుకుని పుట్టింట మిగిలిన మేనత్తకు ఒక పిల్లిని తోడుగా ఇవ్వడం నాకెంతో నచ్చాయి. అయితే పిలిస్తే వచ్చి పరుపు మీద పడుకునే నీ పిల్లి ఈనాటి పిల్లి. ఆనాటి పల్లెలో పిల్లి ధాన్యం వెంట వచ్చేది. దాని చోటు గాదె కింద, అటక మీద, చల్లారిన పొయ్యి బూడిదలో. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చిన సుమారు 9500 ఏళ్ల నాటి సమాధి సంగతి 2004లో వెల్లడైంది. ఆ దీవిలో సహజంగా పిల్లులు లేవు కనుక, పడవల్లో వెంట తీసుకువెళ్లేంత దగ్గరితనం అప్పటికే ఏర్పడిందన్నమాట. కాబట్టి అనురాగాన్ని తగ్గించమని నేను అనడం లేదు, అది ఆ కాలపు పనుల్లోంచి పుట్టాలని అంటున్నాను. మేనత్త చిన్నతనంలో 1833 నాటి కరువును చూసే ఉంటుంది. పొయ్యిలో పిల్లి లేవని ఆ రోజులను తలచుకున్న మనిషి, నిండిన గాదె కింద పిల్లి పొంచి ఉండడాన్ని ఎలా చూస్తుందో రాయి.

ఆమెది శాకాహారపు ఇల్లు, పిల్లి మాంసాహారి. పెరుగన్నంతోనే అది బతకదు. కాలువగట్టున చేపలు ఎండబెట్టేవారి వాకిళ్లకు వెళ్లి వస్తుంది, పట్టిన ఎలుకను తెచ్చి మడిబట్టలు ఆరేసిన పెరట్లో పెడుతుంది. అప్పుడు ఆమె ఏం చేస్తుందన్నదే నీ కథలో అసలైన ఘట్టం. దానిని ఒక్క వాక్యంలో దాటవేశావు, నాలుగు పేజీలు రాయవలసింది.

బెల్లం ముక్కను నాకించిన వాక్యం తీసివేయి. పిల్లికి తీపి తెలియదు. అది పరమాన్నం గిన్నె చేరితే పాల కోసం, నేతి కోసమే చేరుతుంది. మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే కనుక నీ గండుపిల్లిని ఆడపిల్లిగా మార్చు. ఈ మార్పుతో కథకే మేలు జరుగుతుంది. రెండు నెలలు మోసి ఈనుతుంది, వారం పది రోజులకు కూనలు కళ్లు తెరుస్తాయి, ఆపై వాటిని నోట కరుచుకుని ఇల్లిల్లూ మారుస్తుంది. ఏడిళ్లు తిప్పుతుందని మనవాళ్లు అనేది అందుకే. గడప దాటే వీలులేని మేనత్త, తన పిల్లి ఏ ఇంట చేరిందో కబురు కోసం ఎదురుచూస్తూ ఊరి మనుషులందరినీ మళ్లీ తెలుసుకోగలదు.

ఆనాటివారి తలపుల్లో పిల్లి పురాణాలతో కలిసి ఉండేది. తల్లిపిల్లి కూనను మోసినట్టు భగవంతుడే భక్తుణ్ణి మోస్తాడనే మార్జాలకిశోర న్యాయాన్ని వైష్ణవుల ఇంట పిల్లలు కూడా వినేవారు. మహాభారతం శాంతిపర్వంలో వలలో చిక్కిన పిల్లిని విడిపించిన ఎలుక, అవసరం తీరాక స్నేహం వద్దంటుంది. పిల్లిని నమ్మవద్దని చెప్పే అన్నగారి నోట ఆ కథ పెట్టు, మేనత్త చేత మాత్రం దానికి జవాబు చెప్పించు.

కోరంగి ఓడ ఘట్టంలోనూ పిల్లి ఉండవచ్చు. సరుకును, తాళ్లను ఎలుకల నుంచి కాపాడడానికి ఓడలవారు పిల్లులను పెంచేవారు. 1799లో ఓడలోనే పుట్టిన ట్రిమ్ అనే పిల్లి ఆంగ్ల నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్ వెంట ఆస్ట్రేలియాను చుట్టివచ్చింది, అతడు దానిని తలచుకుని ఒక వ్యాసమే రాశాడు. అయితే కోరంగి మడ అడవుల్లో ఈది చేపలు పట్టే నీటిపిల్లి వేరు, దానిని ఇంటి పిల్లిగా చూపించకు.

ముందుగా పెరటి ఘట్టాన్ని తిరగరాసి పంపు. మిగిలినవి ఆ తరువాత చూద్దాం.

నీ మేనమామ