దోహాలో ఒక్క రోజు: ముందు నేషనల్ లైబ్రరీ, ఆ తర్వాత కతారా పడవల పండుగ

డిసెంబరు మొదట్లో దోహాలో ఒక్క రోజు మాత్రమే ఆగుతున్నామనీ, ఖతార్ నేషనల్ లైబ్రరీనీ, అక్కడి కతారా సాంస్కృతిక గ్రామం తీరంలో జరిగే సంప్రదాయ పడవల పండుగనూ పెద్దవాళ్లతో కలిసి ఆ ఒక్క రోజులోనే చూడటం వీలవుతుందా అనీ మీరు అడిగారు. నిక్షేపంగా వీలవుతుంది, మా అమ్మానాన్నలను వెంటబెట్టుకుని నేను అలాగే చూశాను. అయితే ఉదయం లైబ్రరీ, సాయంత్రం పండుగ అన్న వరుసను మాత్రం తిరగేయకండి. ఎండ ఒక కారణమే కానీ, పండుగలో చూసేదాని వెనక ఉన్న కథ లైబ్రరీలో దొరకడం అంతకంటే పెద్ద కారణం.

ప్రయాణం సులువు. మెట్రో గ్రీన్ లైన్‌లో లైబ్రరీ పేరుతోనే స్టేషన్ ఉంది. సాయంత్రం అదే లైన్‌లో ముషేరిబ్‌కు వచ్చి, రెడ్ లైన్‌కు మారితే కతారా స్టేషన్‌లో దిగవచ్చు. మేము ఆరు రియాళ్ల డే పాస్‌తో రోజంతా తిరిగాము. శుక్రవారం మాత్రం అన్నిటి వేళలూ మారతాయి కనుక ముందుగా చూసుకోండి.

లైబ్రరీ భవనాన్ని డచ్ వాస్తుశిల్పి రెమ్ కూల్‌హాస్ స్థాపించిన ఓఎంఏ సంస్థ రూపొందించింది. 2017 నవంబరులో పాఠకులకు తలుపులు తెరిచి, 2018 ఏప్రిల్‌లో లాంఛనంగా ప్రారంభించారు. సుమారు 45 వేల చదరపు మీటర్ల ఆ కట్టడంలో గదులూ నడవాలూ దాటుకుంటూ వెళ్లే పని ఉండదు. లోపలికి వెళ్లిన మనిషి నేరుగా భవనం నడిమధ్యకు చేరతాడు. అక్కడి నుంచి తెల్లని పాలరాతి అరలు బొమ్మల కొలువు మెట్లలా పైకి లేస్తూ, పుస్తకాలన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. దీపాలూ, చల్లగాలి వచ్చే మార్గాలూ, పుస్తకాలు తిరిగి ఇచ్చే యంత్రాలూ ఆ అరలలోనే ఇమిడి ఉన్నాయి. ఒక పిల్లవాడు తాను తెచ్చిన పుస్తకాన్ని యంత్రం నోట్లో పెట్టగానే అది లోపలికి జారిపోవడాన్ని మా నాన్నగారు కాసేపు నిలబడి మరీ చూశారు. లోపల చూడటానికి రుసుము లేదు, లిఫ్టులు ఉన్నాయి, కూర్చోవడానికి చోటుకు కరవు లేదు.

పై అంతస్తులను చూస్తూ పొద్దు గడిపేయకుండా, నేలమట్టానికి ఆరు మీటర్ల లోతున ఉన్న వారసత్వ విభాగానికి తప్పక దిగండి. తవ్వకాల్లో బయటపడిన పాత కట్టడమేమో అనిపించేలా దాన్ని లేత గోధుమరంగు రాతితో కట్టారు. అరబ్బీ రాతప్రతులు, పాత పటాలు, గోళాలు, యాత్రికుల రచనలు, తొలినాటి ఛాయాచిత్రాలు అక్కడ ఉన్నాయి. ముత్యాల వేటకు సంబంధించినవి కనబడితే వాటి దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఈ నేషనల్ లైబ్రరీయే లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీతో కలిసి 2014లో ఖతార్ డిజిటల్ లైబ్రరీని ప్రారంభించింది. గల్ఫ్ వ్యవహారాలు అప్పట్లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ద్వారా నడిచేవి కాబట్టి ఇండియా ఆఫీసు (లండన్ నుంచి మన దేశ వ్యవహారాలు చూసిన బ్రిటిష్ ప్రభుత్వ శాఖ) దస్తరాలు లక్షల పుటలు అందులో ఉన్నాయి. విమానం ఎక్కే ముందు ఇంట్లోనే ఉచితంగా చదువుకోవచ్చు. మన రూపాయి 1966 దాకా ఖతార్‌లో చెలామణి అయిందని, చివరి ఏళ్లలో అందుకోసం రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా గల్ఫ్ రూపాయిని అచ్చు వేసిందని చెబితే మా నాన్నగారు మొదట నమ్మలేదు.

ఆ దస్తరాలలో ముత్యాల గజ ఈతగాళ్ల అప్పుల గొడవలు కుప్పలుతెప్పలుగా కనిపిస్తాయి. వేటకు వెళ్లే ముందు నౌక యజమాని దగ్గర బయానా తీసుకోవడం, వేట సాగకపోతే ఆ బాకీ మరుసటి ఏటికి పెరగడం, ఒక్కోసారి తండ్రి బాకీ కొడుకు మీద పడటం, ఇవన్నీ అందులో ఉన్నాయి. పండుగలో ఇదేమీ కనబడదు. అక్కడ పాట వినిపిస్తుంది, తెరచాప లేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. పండుగను తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. ఏ ఊరి ఉత్సవమైనా బాగున్నదాన్నే ముందుకు తెస్తుంది. కానీ ఉదయం ఆ సంగతి తెలుసుకుని వెళ్లినవారికి, పడవ మీద పాట ఎత్తుకునే నహ్హామ్ గొంతు వట్టి వినోదంగా వినిపించదు.

2011లో మొదలైన ఈ పండుగకు గల్ఫ్ దేశాలతో పాటు మన దేశం నుంచి కూడా పడవల పనివారు వస్తుంటారు. అందులో వింతేమీ లేదు, అక్కడి ఎడారిలో కలప లేక పడవలకు టేకు మలబారు తీరం నుంచే వెళ్లేది. ఒక వృద్ధుడు విల్లు లాంటి కర్రకు కట్టిన తాడును ముందుకూ వెనక్కూ లాగుతూ పలకకు రంధ్రం చేస్తుంటే, మరొకరు పలకల సందుల్లో నూనెలో తడిపిన దూదిని ఉలితో కూరుతున్నారు. పక్క దుకాణంలో ముత్యాల వర్తకుడి పెట్టె తెరిచి ఉంది: ఎర్రని గుడ్డ, చిన్న త్రాసు, ఒకదానిలో ఒకటి ఇమిడే ఇత్తడి జల్లెడలు. పై జల్లెడ రంధ్రాలు పెద్దవి, కిందికి పోయేకొద్దీ చిన్నవి; ముత్యం ఏ జల్లెడలో ఆగితే దానిని బట్టి వెల కట్టేవారు. హైదరాబాదు నగల దుకాణాల్లో బస్రా ముత్యాలనే పేరు విన్న మా అమ్మగారు అక్కడి నుంచి కదలలేదు. ఆ ముత్యాలు ఈ గల్ఫ్ నీటివే. బొంబాయి వర్తకుల చేతుల మీదుగా మన దగ్గరికి చేరేవి. జపాన్ సాగు ముత్యాలు, 1929 తర్వాతి ఆర్థిక మాంద్యం ఈ వర్తకాన్ని కూల్చేశాయి. ఖతార్ నుంచి చమురు ఎగుమతి 1949 చివరలో గానీ మొదలు కాలేదు, కాబట్టి నడుమ గడిచిన ఏళ్లు అక్కడివారికి ఆకలి రోజులే.

తిండి విషయం పెద్దవాళ్ల కోసం చెబుతున్నాను. గోధుమలతో జావలా వండే హరీస్‌లో మాంసం ఉంటుంది. శాకాహారులైతే ఖర్జూర పాకం పోసిన లుఖైమాత్ అనే పిండి ఉండలు, పలుచని రఖాఖ్ రొట్టె, కరక్ చాయ్‌తో సరిపెట్టుకోవచ్చు. కతారాలో నడక ఎక్కువ, సాయంత్రం సముద్రపు గాలి చల్లగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకు శాలువాలు పెట్టుకోండి. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో లైబ్రరీ నుంచి బయలుదేరితే వెలుతురు ఉండగానే పడవలను దగ్గరగా చూడవచ్చు.