ఆక్సీకరణి ఆక్సీకరణం చెందుతుందా?

సందేహం: ‘ఆక్సీకరణి ఆక్సీకరణం చెందుతుంది’ అని పదో తరగతి పిల్లలు రాస్తున్నారు. ‘ఇనుము ఆక్సీకరిస్తుంది’ అనవచ్చా? ఎలక్ట్రాన్లు వచ్చి చేరితే దాన్ని ‘క్షయం’ అనడమేమిటి? ‘క్షయకరణం’, ‘క్షయీకరణం’లలో ఏది ఒప్పు?

సమాధానం: ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవడం ఆక్సీకరణం, వాటిని తీసుకోవడం క్షయకరణం. చిక్కంతా ‘కరణం’ దగ్గరే ఉంది. కరణం అంటే చేయడం. ఘనీకరణం, ఘనీభవనం అనే జంట చూడండి. గట్టిపడేటట్టు చేయడం మొదటిది, తానే గట్టిపడడం రెండోది. అందుకే ‘ఘనీభవించింది’ అంటే కర్మ అక్కర్లేదు, ‘-కరించు’ అంటే మాత్రం ‘దేన్ని?’ అన్న ప్రశ్న వస్తుంది. ఆక్సీకరణానికి ‘భవనం’ జంట వాడుకలోకి రాలేదు. ఆ లోటును ‘చెందు’ తీరుస్తోంది. కాబట్టి ‘ఇనుము ఆక్సీకరణం చెందింది’ ఒప్పు, ‘ఇనుము ఆక్సీకరించింది’ కర్మ లేని అసంపూర్ణ వాక్యం.

వాక్యాన్ని చర్య పక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది. 100 మిల్లీలీటర్ల నీటిలో 5 గ్రాముల మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) కరిగించి, గరుకు కాగితంతో బాగా రుద్దిన ఇనుప మేకును అరగంట ఉంచండి. మేకు మీద ఎర్రటి రాగి పొర పడుతుంది, నీలిరంగు కాస్త పలచబడుతుంది. (రుద్దకపోతే తుప్పు, నూనె అడ్డుపడతాయి. జింకు పూత ఉన్న మేకైతే ముందు జింకే చర్యలోకి దిగుతుంది, అప్పుడు మీరు రాసే వాక్యంలో కర్తే మారిపోవాలి!) ఇక్కడ ఇనుప పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలి ఆక్సీకరణం చెందింది. ద్రావణంలోని కాపర్ అయాన్ (ధనావేశమున్న రాగి కణం) ఆ రెండూ తీసుకుని క్షయకరణం చెందింది. ఇనుమును ఆక్సీకరించినది కాపర్ అయాన్, అంటే ఆక్సీకరణి అదే. ఇనుము క్షయకరణి. ‘-కరణి’ ఎదుటిదానికి చేసేదే తప్ప తనకు తాను చేసుకునేది కాదు. పిల్లల వాక్యాన్ని ‘ఆక్సీకరణి క్షయకరణం చెందుతుంది’ అని దిద్దండి. బహువచనం మణులు, నదులు లాగే ‘ఆక్సీకరణులు’. ‘ఆక్సీకరణిలు’ అనకండి.

ఇక క్షయం. వేడి చేసిన నల్లటి కాపర్ ఆక్సైడ్ మీదుగా హైడ్రోజన్ పంపితే 79.5 గ్రాముల ఆక్సైడ్ నుంచి 63.5 గ్రాముల రాగి మిగులుతుంది. 16 గ్రాముల ఆక్సిజన్ పోయింది, బరువు తగ్గింది. ఆక్సిజన్ పోవడమే క్షయకరణం అనుకున్నంతకాలం పేరు అతికినట్టే ఉండేది. నిర్వచనం ఎలక్ట్రాన్ల మీదికి మారాక పేచీ వచ్చింది. అయినా పేరును తప్పుపట్టాల్సిన పని లేదు. ఎలక్ట్రాన్‌ది రుణావేశం. అది చేరితే ఆక్సీకరణ సంఖ్య (పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుందో లెక్కగట్టే అంకె) తగ్గుతుంది. పై ప్రయోగంలో కాపర్ +2 నుంచి సున్నాకు దిగింది. ఆమ్ల ద్రావణంలో పర్మాంగనేట్ ఊదారంగు పోయేటప్పుడు మాంగనీస్ +7 నుంచి +2కు దిగుతుంది. క్షయించేది ఈ సంఖ్య అని చెబితే పిల్లలు తికమకపడరు.

‘క్షయీకరణం’లో ఈకారం ‘శుద్ధీకరణం’ వంటివాటి పోలికతో వచ్చింది. శుద్ధం కానిదాన్ని శుద్ధంగా చేస్తే శుద్ధీకరణం, అక్కడ ఈ అర్థాన్నిచ్చే ‘చ్వి’ అనే సంస్కృత ప్రత్యయం వల్ల ఈకారం వస్తుంది. ‘ఆక్సీకరణం’ కూడా ఆ మూసలోనే పోసిన మిశ్ర పదం, దీర్ఘం తప్పనిసరి. క్షయకరణమంటే క్షయాన్ని కలిగించడం, ఇది మామూలు తత్పురుష సమాసం. పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన రూపమూ ఇదే, దీన్నే రాయండి.

ఒక్క జాగ్రత్త. పరీక్ష జవాబులో తప్ప ‘ఆక్సీకరణం చెందిన గేటు’ అని రాయకండి. ఇనుము తుప్పుపడుతుంది, రాగి చిలుము పడుతుంది, నూనె ముక్కిపోతుంది. మూడింట్లోనూ ఆక్సీకరణమే ఉన్నా తెలుగు వాటికి ఎప్పుడో వేరువేరు క్రియలు ఇచ్చేసింది.