లిథియం క్లోరైడ్ కలిపినా అణుభారాలు ఎందుకు చెదురుతున్నాయి?

కాకినాడలోని మీ ప్రయోగశాలలో టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) అనే ద్రావణిలో, మైనస్ 78 డిగ్రీల వద్ద, సెకండరీ బ్యుటైల్ లిథియంతో మిథైల్ మెథాక్రిలేట్‌ను పాలిమరైజ్ చేస్తే జీపీసీ (అణుభారాల విస్తరణను చూపే జెల్ పర్మియేషన్ క్రొమటోగ్రఫీ) వక్రరేఖ తక్కువ అణుభారం వైపు తోకతో వస్తోందనీ, సీసాలోంచి నేరుగా తూచి వేసిన లిథియం క్లోరైడ్ వల్ల ఫలితం లేదనీ రాశారు. ఇందులో రెండు దోషాలు కలిసి ఉన్నాయని నా అభిప్రాయం.

మొదటిది తేమ. లిథియం క్లోరైడ్ గాలిలోని నీటిని అతి త్వరగా పీల్చుకుంటుంది. గోదావరి డెల్టాలో, అందులోనూ శ్రావణమాసంలో, మూత తీసిన సీసాలో పొడి క్షణాల్లో ముద్దకడుతుంది. ఆ నీరే మీ ఇనిషియేటర్‌ను, అంటే గొలుసులను మొదలుపెట్టే బ్యుటైల్ లిథియంను, చంపుతోంది. కాబట్టి ఉప్పును చర్య జరిపే ఫ్లాస్కులోనే వేసి, శూన్యంలో 130 డిగ్రీల వద్ద రాత్రంతా ఆరబెట్టి, ఆర్గాన్ కింద చల్లార్చి, తర్వాతే టీహెచ్‌ఎఫ్ పోయండి.

రెండవది, బ్యుటైల్ లిథియం మోనోమర్‌లోని (మిథైల్ మెథాక్రిలేట్‌లోని) ఎస్టర్ కార్బొనిల్‌పై కూడా దాడి చేస్తుంది. దాన్ని 1,1-డైఫినైల్ ఇథిలీన్‌తో కలిపి, ఆ దాడి చేయలేని స్థూలమైన ఎర్రటి ఇనిషియేటర్‌గా మార్చాలి. అందుకు ముందుగా డైఫినైల్ ఇథిలీన్ కొద్దిగా ఎక్కువగా కలిపి, బ్యుటైల్ లిథియంను బొట్టు బొట్టుగా వేయండి. లేత ఎరుపు నిలిచాకే, అంటే మలినాలు తీరాకే, లెక్కకట్టిన మోతాదు చేర్చండి. మోనోమర్ పడగానే ముదురెరుపు వెంటనే పోవాలి.

ఇక ఉప్పు చేసే పని: గొలుసు చివరి లిథియం ఇనోలేట్లు (గొలుసు పెరిగే చురుకైన కొనలు) గుంపులు కట్టి, విడివడటంలో ఆలస్యం చేస్తాయి, లిథియం క్లోరైడ్ వాటితో మిశ్రమ సంక్లిష్టాలు ఏర్పరచడంతో గొలుసులన్నీ దాదాపు సమానంగా పెరుగుతాయి. 1990లో బెల్జియంలోని లీజ్‌లో రసాయన శాస్త్రవేత్త టెస్సీ బృందం దీన్ని చూపింది. ఇనిషియేటర్‌కు అయిదు నుంచి పది రెట్ల మోల్‌లు చాలు. టోలుయీన్‌లో మాత్రం ఈ ఉప్పు దాదాపు కరగదు, అక్కడ దీనిపై ఆధారపడకండి.