అత్తగారికి చెప్పని ప్రయాణం

ప్రశ్న: మాది కడప. నా వయసు 34. మావారు ప్రభుత్వ ఉద్యోగి, మాకు ఎనిమిదేళ్ల బాబు. మామగారు పోయినప్పటి నుంచి అత్తగారు మా దగ్గరే ఉంటున్నారు. వేసవి సెలవుల్లో శ్రీలంక వెళ్లాం. క్యాండీ, నువారా ఎలియా, ఎల్ల చూసి, చివర్లో బెంతోట సముద్రతీరంలో ఉన్నాం. అక్కడ మావారు వేరే మనిషి. పొద్దున్నే లేచి నాకు టీ కలిపి ఇచ్చేవారు. రైల్లో తేయాకు తోటలు చూస్తూ, కాగితంలో చుట్టి అమ్మే పప్పువడలు తింటూ ఎంతసేపు మాట్లాడారో! ఇంటికి వచ్చాక మళ్లీ మామూలే. ఆఫీసు నుంచి రాగానే అత్తగారి పక్కన టీవీ ముందు కూర్చుంటారు. సంగటి పెడితే తింటారు, పడుకుంటారు. ఈ ప్రయాణం సంగతి అత్తగారికి తెలియదు. ఆడపడుచు ఇల్లు కట్టుకుంటూ అప్పు అడిగితే లేదన్నాం, ఇప్పుడు విహారయాత్రకు డబ్బెక్కడిదని గొడవ చేస్తారని భయం. చెన్నైలో ఆఫీసు శిక్షణ ఉంది, బాబుకు కూడా ఊరు చూపిస్తామని చెప్పి వెళ్లాం. విమానం మాట ఎత్తవద్దని బాబుకు చెప్పాం. వాడు రైలూ కొండలూ బొమ్మ గీస్తే బీరువాలో దాచేశాను. నువారా ఎలియా దగ్గర సీతమ్మ గుడికి కూడా వెళ్లాం. ఏటా ఒంటిమిట్ట కల్యాణానికి వెళ్లే అత్తగారికి ఆ మాటా చెప్పలేకపోతున్నాను. రాత్రిళ్లు ఫోనులో ఫొటోలు చూసుకుని ఏడుపు వస్తోంది. డిసెంబరులో ఇంకెక్కడికైనా వెళ్తే ఆయన మళ్లీ అలా ఉంటారా?
– ఒక సోదరి, కడప

జవాబు: అమ్మా, డిసెంబరులో ఎక్కడికీ వెళ్లవద్దు. మీరు అడిగిన దానికి నా జవాబు అంతే.

మీ ఉత్తరంలో ఎక్కువ భాగం మీవారి మౌనం గురించి. నన్ను పట్టి ఆపింది మాత్రం అత్తగారి మాట వచ్చిన ఆ కాసిని వాక్యాలు. ఆ ఇంట్లో ఆయన ఏం మాట్లాడగలరో మీరే చెప్పండి. రైలు మాట ఎత్తకూడదు. సముద్రం మాట ఎత్తకూడదు. ఈ వడలకన్నా ఆ వడలు బాగున్నాయి అంటే, ఏ వడలురా అని తల్లి అడుగుతుంది. మీ ముగ్గురూ తలుచుకుని నవ్వుకోవలసిన ప్రతి సంగతికీ అబద్ధం కాపలా ఉంది. అలాంటప్పుడు టీవీ చూస్తూ కూర్చోవడమే ఆయనకు క్షేమంగా తోస్తుంది.

వెళ్లక ముందు కూడా ఆయన ఇలాగే ఉండేవారని మీ మాటల్లోనే తెలుస్తోంది. అక్కడ టీ కలిపిన మనిషి ఇక్కడ ఎందుకు కలపరు? పాలు లేవా, పొయ్యి లేదా? తల్లి చూస్తుంది కాబట్టి. సమస్య మీ ఇద్దరి మధ్య ఉందని మీరు అనుకుంటున్నారు. నాకు కనిపిస్తున్నది ఆ కొడుకుకూ ఆ తల్లికీ మధ్య ఉంది. తల్లి ముందు ఆయన ఇంకా పదో తరగతి మార్కులు దాచుకునే కుర్రవాడే. పెళ్లయి, బిడ్డ పుట్టి, జీతం తెచ్చి ఇల్లు నడుపుతున్నా, సొంత డబ్బుతో భార్యాబిడ్డలను తీసుకెళ్లానని చెప్పే ధైర్యం రాలేదు. దీన్ని తల్లి మీద గౌరవం అంటారు మనవాళ్లు. నేను అనను. నిజం చెబితే తట్టుకోలేదు, గొడవ చేస్తుంది అని ముందే తీర్పు చెప్పేసి ఆమెను పక్కన పెట్టడంలో గౌరవం ఎక్కడుంది? కోప్పడే హక్కు కూడా పెద్దవాళ్లకు ఉంటుంది. ఆ హక్కు కూడా ఆమెకు లేకుండా చేశారు.

సీతమ్మ గుడి దగ్గర నా మనసు ఆగిపోయింది. ఒంటిమిట్ట గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఉంటారు, హనుమంతుడు ఉండడు. రాముడికి హనుమంతుడు ఇంకా కలవకముందటి విగ్రహాలని మన జిల్లాలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఏటా వెన్నెల్లో ఆ కల్యాణం చూసి వచ్చే ఆమెకు ఆ కథ ఎవరూ చెప్పనక్కర్లేదు. అశోకవనమని భక్తులు నమ్మే చోట, వాగు పక్కన రాళ్ల మీద హనుమంతుడి పాదాలని చూపించే గుంతల దగ్గర ఆమె కొడుకూ కోడలూ మనవడూ నిలబడి వచ్చారు. ఆమెకేమో చెన్నై వెళ్లి వచ్చారని తెలుసు. రేపు నిజం తెలిసినప్పుడు ఆమె డబ్బు గురించి అడుగుతుందని మీ భయం. నన్నెందుకు తీసుకెళ్లలేదని అడుగుతుందని నా అనుమానం. ఈ రెండో ప్రశ్నకు జవాబు లేకే మీవారు మొదటిదాన్ని అడ్డం పెట్టుకున్నారేమో కూడా ఆలోచించండి.

ఆ ప్రశ్నకు జవాబు ఉంది. భార్యాబిడ్డలతో విడిగా కొన్ని రోజులు గడపాలనుకున్నాను అని చెప్పడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఆ ఏకాంతం మీకు కావాలి, అది మీ హక్కు. నేను అత్తగారి పక్షాన మాట్లాడుతూ కూడా ఈ మాట గట్టిగానే అంటాను.

ఇక మీ బాబు. మీరు ఆ బొమ్మ దాచిన సంగతి ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు. వాడు నానమ్మ పక్కన కూర్చుని అన్నం తినే పిల్లవాడు. చూసిన వింత ఎవరికైనా చెప్పాలని తహతహలాడే వయసు. వాడి నోరు మీరు కట్టేశారు. నానమ్మ దగ్గర అబద్ధం చెప్పవచ్చని వాడికి నేర్పిన తరువాత, రేపు మీ దగ్గర చెప్పినప్పుడు ఏ ముఖం పెట్టుకుని దండిస్తారు? ఈ ఉత్తరంలో నాకు కోపం తెప్పించింది ఇదొక్కటే. ఆ బొమ్మ ఈ రోజే తీసి వాడి చేతికివ్వండి. దాచడం మా తప్పు, నీ తప్పు ఏమీ లేదని చెప్పండి.

ఆడపడుచు అప్పు సంగతి వేరే. ఇవ్వగలిగితే ఇవ్వండి, కుదరకపోతే ఇప్పుడు కుదరదని చెప్పండి. చేతిలో ఉంచుకుని లేదనడం వల్లే ఈ చిక్కంతా వచ్చింది. ప్రయాణానికి డబ్బు దాచుకున్నామని అప్పుడే అని ఉంటే ఆమె నాలుగు రోజులు అలిగి ఊరుకునేది.

అత్తగారికి నిజం చెప్పవలసింది మీవారు. మీరు కాదు, పొరపాటున కూడా మీరు చెప్పవద్దు. మీ నోట వస్తే, నా కొడుకు అమాయకుడు, కోడలే తిప్పింది అంటుంది. అప్పుడు ఆ తల్లీకొడుకులు ఒకటవుతారు, మీరు బయట ఉంటారు. ఆడపడుచు వచ్చిన రోజు వద్దు, పండగ రోజు వద్దు. మామూలు సాయంత్రం, టీవీ కట్టేసి ఆయన తల్లి పక్కన కూర్చోవాలి. చెన్నై అని అబద్ధం చెప్పానమ్మా, శ్రీలంక వెళ్లాం, నువ్వు కోప్పడతావని దాచాను అంటే చాలు. అక్కడి నుంచి తెచ్చిన తేయాకు పొట్లం ముందు పెట్టి మాట మొదలుపెట్టవద్దు, లంచంలా ఉంటుంది. ఆమె తిడితే తిట్టనివ్వండి. ఆ పూట అన్నం తినకపోయినా కంగారుపడి మీరు మధ్యలో దూరవద్దు, మీవారిని కూడా మాట వెనక్కి తీసుకోనివ్వవద్దు. తరువాత ఆమె అడిగినప్పుడు ఫొటోలు మీ బాబు చూపిస్తాడు. మీరు అర్ధరాత్రి ఒంటరిగా చూసుకోవడం ఆపండి.

ఆయన చెప్పనంటే ఈ జవాబు ఆయన చేతికివ్వండి. ఎందుకు చెప్పలేరో ఈసారి ఆయన్నే రాయమనండి.